క్వాంటమ్ వ్యాలీ సరే, ఫిజిక్స్ ఎక్కడ చదవాలి?

ఎడిటర్ గారికి నమస్తే.

అమరావతికి క్వాంటమ్ వ్యాలీ, అంటే క్వాంటమ్ కంప్యూటర్ల టెక్నాలజీ పార్కు, వస్తోందని పేపర్లో చదువుతూనే ఉన్నాం, సంతోషమే. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నల్లో 40 ఫిజిక్స్‌వే, దానికోసం ఇంటర్ రెండేళ్లూ రుబ్బించారు, తీరా బీటెక్‌లో చేరాక నాకు ఫస్టియర్‌లో ఒక్క పేపరుతో ఫిజిక్స్ సరి. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) బ్రాంచి నాది. డివైసెస్ క్లాసులో బోర్డు మీద ఎలక్ట్రాన్ల శక్తికి గుర్తుగా ఫెర్మీ లెవెల్ అని ఒక గీత గీస్తారు, అది అక్కడే ఎందుకుందని అడిగితే "సిలబస్‌లో లేదమ్మా, డయోడ్‌కి వెళ్దాం" అంటారు. పాపం ఆ సార్ తప్పూ కాదు, సిలబస్ అయిపోవాలిగా.

అందుకే బీటెక్‌తో పాటు బీఎస్సీ ఫిజిక్స్ కూడా చేద్దామనుకున్నా. ఒకేసారి రెండు డిగ్రీలు చదవొచ్చని యూజీసీ 2022 ఏప్రిల్‌లోనే చెప్పింది, రెండూ రెగ్యులర్ అయితే క్లాసుల టైములు ఢీకొనకూడదు, అంతే. ఆ కాగితం పట్టుకుని మా కాలేజీ ఆఫీసుకెళ్తే "రూల్ ఉంటే ఉండనీ, అటెండెన్స్ 75 శాతం ఎవరిస్తారు?" అన్నారు. మా క్లాసులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా, పక్క డిగ్రీ కాలేజీవీ అదే టైముకి. దూరవిద్యలో చేద్దామంటే ల్యాబులకు మళ్లీ సెలవులు పెట్టాలి. బిట్స్ హైదరాబాద్ క్యాంపస్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో చేరినవాళ్లకు ఫస్టియర్ మార్కుల్ని బట్టి ఇంజినీరింగ్ బ్రాంచి కూడా ఇస్తారు, అయిదేళ్లలో రెండు డిగ్రీలు. బాగుంది, కానీ ఆ ఫీజు మాలాంటి ఇళ్లలో కట్టగలిగేది కాదు.

నిజం చెప్పాలంటే అందరికీ రెండో డిగ్రీ అక్కర్లేదనే ఇప్పుడు నాకనిపిస్తోంది. ఫిజిక్స్ మీద మోజుంటే చాలదు, క్లాసికల్ మెకానిక్స్, స్టాటిస్టికల్ మెకానిక్స్ లాంటివి సెమిస్టర్ పరీక్షల మధ్యలో కూర్చుని చదవగలమా అని ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి. చాలామందికి నాలుగైదు మంచి పేపర్లు చాలు. బీటెక్‌లో దాదాపు 20 క్రెడిట్లు అదనంగా చేస్తే మైనర్ డిగ్రీ (మన బ్రాంచితో పాటు ఇంకో సబ్జెక్టులో చిన్న డిగ్రీ) ఇచ్చే పద్ధతి ఎలాగూ ఉంది కదా, మరి మా కాలేజీ లిస్టులో ఏఐ, డేటా సైన్స్ తప్ప ఫిజిక్స్ పేరే లేదు, అడిగితే పిల్లలు చేరరంటారు. ఎప్పుడైనా పెట్టి చూశారా?

ఉన్నత విద్యామండలి వాళ్లు ఈ ఏడాదే ఫిజిక్స్ మైనర్ పెట్టించాలి. మా దగ్గర చెప్పేవాళ్లు లేకపోతే ఊళ్లోని డిగ్రీ కాలేజీ లెక్చరర్లతో సాయంత్రం క్లాసులు చెప్పించి, ఆ క్రెడిట్లు మా మార్కుల లిస్టులో చేర్చమనండి.

– ఈసీఈ మూడో సంవత్సరం విద్యార్థిని, గుంటూరు