తగ్గింది కొవ్వా, కండా, నీరా?

సంపాదకులు గారికి,

మీ ఆరోగ్యం పేజీలో 'లో జీఐ' (తక్కువ గ్లైసిమిక్ ఇండెక్స్) ఆహారం గురించి ఈ మధ్య వరసగా కథనాలు వస్తున్నాయి. అన్నింట్లోనూ ఒకటే పట్టిక, ఒకటే భరోసా: గ్లైసిమిక్ ఇండెక్స్ 55 లోపు ఉన్నవి తినండి, ఒళ్లు తగ్గుతుంది. ఊబకాయంతో అవస్థపడే ఆడవాళ్లు వీటిని కత్తిరించి దాచుకుంటారు కాబట్టి ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది.

అసలు ఈ ఇండెక్స్ బరువు కోసం పుట్టింది కాదు. ఏ పిండిపదార్థం రక్తంలో చక్కెరను ఎంత పెంచుతుందో మధుమేహం ఉన్నవాళ్లకు తెలియాలని 1981లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ జెన్కిన్స్ బృందం దీన్ని ముందుకు తెచ్చింది. 50 గ్రాముల పిండిపదార్థం ఉండేంత ఆహారం తినిపిస్తారు, రెండు గంటలపాటు రక్తంలో చక్కెర చూస్తారు, గ్లూకోజ్‌ని 100 అనుకుని పోలుస్తారు. కేలరీల ఊసు అందులో లేదు. ఉడికించిన బంగాళాదుంపకు ఈ అంకె ఎక్కువ. అదే దుంపను చిప్స్‌గా వేయిస్తే తగ్గుతుంది, ఎందుకంటే నూనె వల్ల జీర్ణం నెమ్మదిస్తుంది. పట్టికనే నమ్ముకుంటే చిప్సే మేలనాలి! అంకె ఎక్కువని పుచ్చకాయకేమో చెడ్డపేరు. ఒక ముక్కలో ఉండే పిండిపదార్థం ఎంత తక్కువో ఆ పట్టిక చెప్పదు.

ఇక ఆడవాళ్ల సంగతికొస్తే, డెన్మార్క్ పరిశోధకులు 45 మంది అధిక బరువున్న మహిళలతో 10 వారాలు చేసిన అధ్యయనం 2004లో వెలువడింది. సగం మందికి తక్కువ జీఐ ఆహారం, మిగతావారికి ఎక్కువ జీఐ ఆహారం. చెడు కొలెస్ట్రాల్ తక్కువ జీఐ వాళ్లలో తగ్గింది. బరువులో, ఒంట్లో కొవ్వులో మాత్రం రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. 2007లో ఈ ఆహారానికి కొంత అనుకూలంగా మాట్లాడిన కాక్రేన్ సమీక్ష (ఒక విషయంపై జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి బేరీజు వేసేది) కూడా 2023లో మళ్లీ లెక్కలు చూసి, బరువు విషయంలో తేడా ఉంటే స్వల్పమే, లేకపోనూ వచ్చు అని తేల్చింది. అలాగని పూర్తిగా కొట్టిపారేయలేం. యూరప్‌లోని ఎనిమిది దేశాల్లో జరిగి 2010లో వెలువడిన డయోజెనిస్ అధ్యయనంలో, అప్పటికే బరువు తగ్గినవాళ్లు మళ్లీ పెరగకుండా నిలబడటానికి ప్రొటీన్ కాస్త ఎక్కువగా ఉన్న తక్కువ జీఐ ఆహారం బాగా పనికొచ్చింది. ఆ ప్రొటీన్ ముక్కే మీ కథనాల్లో ఎగిరిపోతోంది.

నా అసలు అభ్యంతరం మాత్రం 'బరువు' అన్న మాట దగ్గరే. పిండిపదార్థం బాగా తగ్గిస్తే ఒంట్లోని గ్లైకోజెన్ (కాలేయం, కండరాలు దాచుకునే చక్కెర) నిల్వ కరుగుతుంది, దానితోపాటు గ్రాముకు మూడు గ్రాముల చొప్పున నీరూ పోతుంది. మొదటి వారం కాటా చూసి సంబరపడేది చాలావరకు ఈ నీటికే. వ్యాయామం లేకుండా తిండి ఒక్కటే తగ్గిస్తే పోయిన బరువులో సుమారు పావు వంతు కొవ్వు కాదు, అందులో కండ కూడా ఉంటుంది. మెనోపాజ్ దాటిన స్త్రీకి అసలే కండ తగ్గుతూ, కొవ్వు పొట్ట చుట్టూ చేరుతూ ఉంటుంది. ఆ వయసులో కండ పోగొట్టుకోవడం మామూలు నష్టం కాదు. జిమ్ముల్లో చెప్పులు విప్పి ఎక్కే మిషన్ కూడా కొవ్వును నేరుగా కొలవదు. పాదాల గుండా చిన్న కరెంటు పంపి, ఎదురైన నిరోధాన్ని బట్టి అంచనా కడుతుంది. ఒంట్లో నీరు తగ్గినా, నెలసరి ముందు నీరు పట్టినా అంకె మారిపోతుంది. దాన్ని చూసి ఎంతమంది టెన్షన్ పడుతున్నారో! నెలకోసారి నడుముకు టేపు పెట్టి చూసుకోవడం అంతకంటే నయం.

ఇంకో మాట. ఆరోగ్య కథనం పక్కనే 'లో జీఐ' బిస్కెట్ల ప్రకటన వేస్తే, చదివేవాళ్లకు రెండూ ఒకటే సలహాలా కనబడతాయి. ప్రకటనను వేరే పేజీకి మార్చండి. ఏదైనా అధ్యయనం గురించి రాసేటప్పుడు, అందులో పాల్గొన్నది ఎందరో, ఎన్ని వారాలో, రెండు గుంపులకీ కేలరీలు సమానంగా ఇచ్చారో లేదో, తగ్గినది కొవ్వో కండో ఎలా కొలిచారో ఆ కథనంలోనే నాలుగు వాక్యాల్లో చెప్పండి. చోటు సరిపోకపోతే పట్టిక తీసేసినా ఫర్వాలేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు