కొత్త కంప్యూటర్ కొనే ముందు ఆ మాక్రో ఒకసారి తెరిచి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

గుంటూరులో ఒక హోల్‌సేల్ మందుల ఏజెన్సీలో అకౌంట్స్ చూస్తాను. నెలాఖరు వచ్చిందంటే మా ఆఫీసులో ఒకటే టెన్షన్. షాపుల బాకీల స్టేట్‌మెంట్లు తీసే ఎక్సెల్ ఫైల్ ఒకటుంది, దాదాపు 60 వేల వరుసలు. బటన్ నొక్కితే అందులోని మాక్రో, అంటే ఎక్సెల్ చేత పనులన్నీ వరుసగా చేయించే చిన్న ప్రోగ్రామ్, 40 నిమిషాలు నడిచేది, స్క్రీన్ తెల్లబడిపోయి పైన ‘నాట్ రెస్పాండింగ్’ అని పడేది. ఆ పని చేసే కుర్రాడికి రోజూ తిట్లే. చివరికి కొత్త కంప్యూటర్ కొన్నారు, ర్యామ్ రెట్టింపు చేశారు. అయినా 35 నిమిషాలు పట్టింది! వీబీఏ (ఎక్సెల్ మాక్రోలు రాసే భాష) మాక్రో, ప్రాసెసర్‌లో లెక్కలు చేసే కోర్లు ఎన్ని ఉన్నా ఒకేసారి ఒక్కదాని మీదే నడుస్తుందని, డబ్బు పెట్టాకే మాకు తెలిసింది.

అప్పుడు నేనూ ఆ కుర్రాడూ కూర్చుని మాక్రో మధ్య మధ్యలో టైమర్ లైన్లు పెట్టి, ఏ భాగానికి ఎన్ని సెకన్లు పడుతోందో రాసుకున్నాం. అసలు ఎవరైనా మొదట చేయాల్సింది ఇదే. మా ఫైల్లో సమయమంతా ఒక్క లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే భాగం) తినేస్తోంది. ఎవరో ఎప్పుడో రికార్డ్ బటన్ నొక్కి చేసిన మాక్రో అది. ఒక్కో సెల్ సెలెక్ట్ చేయడం, కాపీ చేయడం, ఇంకో షీట్‌కి వెళ్లి పేస్ట్ చేయడం, మళ్లీ వెనక్కి రావడం, ఇలా 60 వేల సార్లు! ప్రతిసారీ ఎక్సెల్ స్క్రీన్ మళ్లీ గీయాలి, ఫార్ములాలు మళ్లీ లెక్కకట్టాలి. దాన్ని తీసేసి, డేటా మొత్తం ఒక్కసారే అర్రేలోకి, అంటే కంప్యూటర్ మెమరీలో ఉండే పట్టిక లాంటి దానిలోకి తెచ్చుకుని, లెక్క అక్కడే చేసి, ఫలితాన్ని ఒక్కసారే షీట్‌లో రాసేలా మార్చాం. ఇప్పుడు రెండు నిమిషాలు కూడా పట్టడం లేదు, అదీ పాత కంప్యూటర్‌లోనే.

షీట్‌లో కూడా కొంత బరువు ఉంది. ఆఫ్‌సెట్, ఇన్‌డైరెక్ట్, టుడే లాంటి ఫంక్షన్లు ఎక్కడ ఏ సెల్ మారినా మళ్లీ లెక్కకడతాయి, అవి వేల సెల్స్‌లో ఉంటే ఫైల్ నత్తనడకే. కంట్రోల్, ఎండ్ కలిపి నొక్కితే కర్సర్ డేటా దాటి ఎక్కడో కిందికి పోయిందా, ఆ ఖాళీ వరుసల్ని పూర్తిగా డిలీట్ చేసి సేవ్ చేయాలి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి, అందుకే ఈ ఉత్తరం. మాక్రో స్లో అని ఎవరిని అడిగినా మొదట చెప్పే చిట్కా, స్క్రీన్ అప్‌డేటింగ్ ఆపు, కాలిక్యులేషన్ మాన్యువల్‌లో (మనం చెబితేనే లెక్కకట్టేలా) పెట్టు అని. మంచిదే, వేగం పెరుగుతుంది. కానీ మాక్రో మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగిపోతే స్క్రీన్ దానంతటది మామూలైపోతుంది, కాలిక్యులేషన్ మాత్రం మాన్యువల్‌లోనే ఉండిపోతుంది, అదీ ఆ ఒక్క ఫైల్‌కే కాదు, అప్పుడు తెరిచి ఉన్న ఫైళ్లన్నింటికీ. కొత్త అంకె వేసినా టోటల్ మారదు, చూసేవాళ్లకు అనుమానం కూడా రాదు. మా దగ్గర ఒక నెల అలాగే పాత మొత్తాలతో స్టేట్‌మెంట్లు షాపులకు వెళ్లిపోయాయి, కట్టేసిన బాకీ మళ్లీ అడుగుతారా అని ఒక పెద్దాయన ఆఫీసుకొచ్చి ఎంత బాధపడ్డాడో నేను మరచిపోలేను. ఎర్రర్ వచ్చినా సరే చివర్లో కాలిక్యులేషన్‌ని మళ్లీ ఆటోమేటిక్‌కి తెచ్చే లైన్లు మాక్రోలో ఉండి తీరాలి. అవి లేకుండా ఈ చిట్కా వాడొద్దు.

కోచింగ్ సెంటర్లలో రికార్డ్ చేయడం వరకు నేర్పించి సర్టిఫికెట్ ఇచ్చేస్తున్నారు, నేను చూసిన పిల్లలందరిదీ ఇదే పరిస్థితి. రికార్డ్ చేసిన మాక్రోని ఎలా శుభ్రం చేసుకోవాలో, ఎర్రర్ వస్తే ఏం చేయాలో ఇంకో నాలుగు క్లాసులు చెబితే చాలు. మీ చదువు పేజీలో కూడా ఇలాంటివి బొమ్మలతో వేస్తే బికాం పిల్లలకు ఎంతో ఉపయోగం. ఇక యజమానులకు నా విన్నపం, ఫైల్ కదలకపోతే ముందు ఆ కుర్రాడిని తిట్టకండి. మావాడు మాట పడాల్సిన తప్పేమీ చేయలేదు, ఆ మాక్రో అతను ఉద్యోగంలో చేరకముందే రాసింది.

— ఒక అకౌంటెంట్, గుంటూరు