జూన్ వార్తాలేఖ: రోజూ పంపండి, మీరూ రండి

తల్లిదండ్రులకు, మామ్మలకు, అమ్మమ్మలకు, తాతయ్యలకు నమస్కారం.

జూన్ 12న బడి తెరిచాం. ఆ రోజు ఎనిమిదిన్నరకే ఒక మామ్మగారు మనవణ్ణి వెంటబెట్టుకుని ఏటి మధ్య ఉన్న లంక నుంచి పడవ మీద వచ్చారు. రేవులో బురద అంటకుండా పిల్లాడి కొత్త బూట్లు ఆవిడ చేత్తో పట్టుకున్నారు. బడి ముందు బోరింగు దగ్గర వాడి కాళ్ళు కడిగి, కొంగుతో తుడిచి, బూట్లు తొడిగి, "వెళ్ళు నాన్నా" అని పంపారు. ఆవిడ మాత్రం గేటు బయటే నిలబడిపోయారు. నేను వెళ్ళి లోపలికి రమ్మంటే, "నేనెందుకులెండి టీచరుగారూ, నాకు చదువు రాదు కదండీ" అన్నారు.

ఆ మాట ఇంకా నా మనసులోంచి పోలేదు. ఈ ఏడాది మొదటి ఉత్తరం ఆవిడను తలుచుకునే రాస్తున్నాను. మన బడిలోకి రావడానికి చదువు వచ్చి ఉండాలని ఎక్కడా లేదండీ. మొన్న గాలివానకు వంటగది రేకులు లేచిపోతే నిచ్చెన వేసి బిగించింది ఊళ్ళో కుర్రాళ్ళే. మునగచెట్టూ కరివేపాకు మొక్కలూ మీ పెరళ్ళ నుంచి వచ్చినవే. ఇది మీ బడి. కొత్తగా ఒకటో తరగతిలో పిల్లల్ని చేర్చిన ఇళ్ళవాళ్ళకు ఈ సంగతి అందరికంటే ముందు తెలియాలి.

ఇంకో మాట. ఇంట్లో ఎవరికీ చదవడం రాకపోతే ఈ ఉత్తరాన్ని నాలుగు, ఐదు తరగతుల పిల్లలు చదివి వినిపిస్తారు. అలాంటి ఇల్లు పక్కన ఉంటే అక్కడికీ వెళ్ళి చదవమని చెప్పాను. చదువుతూ తడబడితే కంగారు పెట్టకండి, కాస్త ఆగండి. వాళ్ళే కూడబలుక్కుని ముందుకు వెళ్తారు.

మిమ్మల్ని నేను అడిగేవి చాలానే ఉన్నాయి. వాటిలో ఒక్కటే ఎంచుకోమంటే, పిల్లల్ని రోజూ పంపండి అంటాను. కిందటేడు రెండో తరగతిలో ఒక పాప ఊడ్పుల రోజుల్లో తొమ్మిది రోజులు బడి మానేసింది. అమ్మా నాన్నా పొలం వెళ్తే మూడేళ్ళ తమ్ముణ్ణి చూసుకోవడానికి ఇంట్లో ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మేం ఒత్తులు చెప్పాం. తిరిగి వచ్చాక "అన్నం" అన్న మాటను "అనం" అనీ, "పువ్వు"ను "పువు" అనీ చదివేది. పక్కవాళ్ళు సరిగ్గా చదువుతున్నారని తెలిసిపోయి గొంతు తగ్గించేసింది. నాలుగు రోజులు పోయాక, పుస్తకం తెరవమంటే కిందికి చూస్తూ కూర్చునేది. ఒత్తులు నేర్పడానికి మాకు రెండు వారాలు పట్టింది. ఆ గొంతు మళ్ళీ పైకి రావడానికి దసరా దాటింది.

ఇందులో ఆ తల్లి తప్పు పట్టడానికేమీ లేదు. ఊడ్పులు ఆగవు, ఆ కూలి ఆ ఇంటికి కావాలి. ఆవిడ వచ్చి చెప్పి ఉంటే మొదటి రోజే దారి దొరికేది. మూడేళ్ళు నిండిన పిల్లల్ని పక్కనే ఉన్న అంగన్‌వాడీలో కూర్చోబెట్టుకుంటారు. ఇప్పుడు ఆ బాబు అక్కడికే వెళ్తున్నాడు, అక్క బడికి వస్తోంది. ఇలాంటి ఇబ్బంది ఏదొచ్చినా ముందు మాతో చెప్పండి. మా చేతిలో లేని సాయం కూడా ఊళ్ళో ఎవరో ఒకరి దగ్గర దొరుకుతుంది.

నెలకు రెండు రోజులు మానేస్తే ఏమవుతుందిలే అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. పది నెలలకు 20 రోజులు, ఐదేళ్ళకు 100 రోజులు. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 రోజులు బడి నడవాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. అంటే ఐదో తరగతి అయ్యేసరికి అర ఏడాది చదువు చేజారినట్టే. పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులకు 75 శాతం హాజరు చూస్తున్నారు కాబట్టి అంతవరకు ఉంటే చాలనుకునేవాళ్ళు ఉన్నారు. ఆ డబ్బులకు అది చాలుతుందేమో గాని చదువుకు చాలదు. జ్వరం వస్తే మానాల్సిందే, దానికి ఒక్క ఫోన్ చేయండి. చుట్టాలు వచ్చారనీ, కొబ్బరి దింపులో కాయలు ఏరాలనీ మాత్రం మాన్పించకండి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వెళ్ళండి. అప్పుడు ఎలాగూ సెలవులే, మేమూ అక్కడే కనిపిస్తాం.

రోజూ పంపమన్న నేనే పంపవద్దని చెప్పే రోజులు కూడా ఉన్నాయి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక మాట చెవిన పడగానే లంక పిల్లల్ని రేవు దాటించకండి. పడవ తిరుగుతున్నా సరే పంపవద్దు. కాజ్‌వే మీద నీళ్ళు మోకాలి లోతే ఉన్నాయి, ఎత్తుకుని దాటిస్తాం అనవద్దు. పెద్దవాళ్ళ మోకాలి లోతు ఒకటో తరగతి పిల్లకు తొడల దాకా వస్తుంది, పైగా లాగుడు ఉంటుంది. 1986 వరద చూసిన పెద్దలు మన ఊళ్ళో ఉన్నారు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు వైనతేయ నది గట్టు మీద నీళ్ళకు కాపలా కాస్తూ రాత్రంతా మేలుకున్నవాళ్ళలో మీరూ ఉన్నారు. ఈ ఏరు సంగతి మీకు నేను చెప్పేదేముంది. ఆ రోజుల్లో చేయాల్సిన పని కాగితం మీద రాసి ముందే పిల్లల సంచీలో పెడతాం. పుస్తకాలు ఇంట్లో ఎత్తు మీద, పాలిథీన్ సంచిలో మూతి కట్టి ఉంచండి. వరద తీసిన తర్వాత బడి ఆవరణలో తుప్పలు కొట్టి, బ్లీచింగ్ చల్లి, పాములు లేవని చూసుకున్నాకే కబురు పెడతాం. అప్పటిదాకా ఓపిక పట్టండి.

మధ్యాహ్న భోజనం గురించి కాస్త మనసు విప్పి చెప్పాలి. రాష్ట్రమంతా బడిలో పెట్టే ఈ భోజనానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆవిడ మెట్టినూరు లంకల గన్నవరం మనకు ఎంతో దూరం లేదు. అంతర్వేది వెళ్ళే యాత్రికులకూ, దారి తప్పిన బాటసారులకూ, వరదల్లో చిక్కుకున్న లంకవాళ్ళకూ వేళ చూడకుండా, కులం అడగకుండా అన్నం పెట్టిన తల్లి. 1909లో కన్నుమూశారు. నూరేళ్ళు దాటినా మన మామ్మలు ఆవిడ మాట చెబుతుంటే, పక్కింటి పెద్దావిడ గురించి చెబుతున్నట్టే ఉంటుంది. ఆ పేరు పెట్టుకున్న అన్నం దగ్గర మన బడిలో పంక్తి ఒక్కటే. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్నది పిల్లలు చేతులు కడుక్కుని వచ్చిన వరసను బట్టే. ఈ విషయంలో ఎవరు వచ్చి అడిగినా నా జవాబు మారదు. కంచం ఇంటి నుంచి వేరుగా పంపే అలవాటు ఉంటే దయచేసి మానేయండి.

వంట ఎలా ఉందో మీరే వచ్చి చూడండి. మధ్యాహ్నం వచ్చి రెండు ముద్దలు రుచి చూడండి, ఉప్పు ఎక్కువైందా, పప్పు ఉడికిందా అని రిజిస్టర్‌లో రాయండి. రాయడం రాకపోతే మీరు చెప్పండి, పిల్లలు రాస్తారు. గుడ్డు, చిక్కీ, రాగిజావ ఇస్తున్నాం. గుడ్డు తినని పిల్లలుంటే ముందే చెప్పండి. ఏదైనా పడనిది ఉంటే, ముఖ్యంగా వేరుశెనగ పడకపోతే, అది తప్పకుండా చెప్పాలి. చిక్కీలో ఉండేది అదే.

మన బడిలో కొందరు పిల్లల అమ్మలు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్నారు. ఇంటి కోసం అంత దూరం వెళ్ళి పనిచేస్తున్న ఆ తల్లులకు ఈ ఉత్తరం వాట్సాప్‌లో నా గొంతుతోనే చదివి పంపుతున్నాను. అమ్మా, మీ పిల్ల ఈ వారం ఏం నేర్చుకుందో శుక్రవారం సాయంత్రం వాయిస్ మెసేజ్‌లో చెబుతాను. మనకు నాలుగైతే కువైట్‌లో ఒంటిగంటన్నర. మీకు వీలైనప్పుడు వినండి. మీ పిల్ల చేత ఒక పాఠం చదివించి అదీ పంపుతాను. మీరు తిరిగి ఒక్క నిమిషం మాట్లాడి పంపితే చాలు, మర్నాడు క్లాసులో ఆ పిల్ల ముఖం వేరుగా ఉంటుంది. ఇక్కడ ఆ పిల్లల్ని పెంచుతున్న అమ్మమ్మలను, మామ్మలను తల్లిదండ్రుల సమావేశానికి "బదులుగా వచ్చినవాళ్ళు" అని నేను అనుకోను. జ్వరం వస్తే రాత్రంతా పక్కన కూర్చున్నది మీరే, మేం మాట్లాడాల్సిందీ మీతోనే.

"కళ్ళు రెండూ వదిలేసి మిగతాది వాయించండి మేడమ్ గారండీ, అప్పుడే చదువొస్తుంది" అని ఏటా ఎవరో ఒకరు మంచి మనసుతోనే అంటారు. మేం కొట్టం. చట్టం ఒప్పుకోదన్నది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, భయపడిన పిల్ల తనకు అర్థం కాలేదని చెప్పదు. చెప్పకపోతే మాకు తెలియదు. ఇంట్లో కూడా చదువు పేరు చెప్పి కొట్టవద్దు. అదే నోటితో మరో మాట: తోటి పిల్లల్ని కొట్టడం, ఇంటిపేరు, కులం, రంగు పట్టుకుని ఎగతాళి చేయడం మేం ఊరుకోం. మీ పిల్లాడే అలా అన్నాడని కబురు చేస్తే, వాడి తరఫున పోట్లాడటానికి కాకుండా వాడితో మాట్లాడటానికి రండి.

ఇంగ్లీషు వస్తుందా అని కొత్తగా చేరినవాళ్ళు అడుగుతున్నారు. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటుంది, రెండూ చెబుతాం. ఇంట్లో మాత్రం తెలుగే ధారాళంగా మాట్లాడండి, కథలు చెప్పండి, తిరగలి దగ్గర పాట వస్తే పాడండి. తెలుగులో ఒక విషయం పూర్తిగా చెప్పగలిగిన పిల్లకు ఇంగ్లీషులో చెప్పడానికి మాటలు మాత్రమే కావాలి. రాత్రి అన్నాలయ్యాక ఇరవై నిమిషాలు టీవీ, ఫోన్ పక్కన పెట్టి పిల్ల చేత బిగ్గరగా చదివించండి. మీకు అక్షరాలు రాకపోయినా వినండి. చదువు రాని అమ్మమ్మ ఒకావిడ, "ఆ మాట కాడ ఆగిపోయిందండీ, రోజూ అక్కడే ఆగుతోంది" అని నాతో అన్నారు. చూస్తే ఆ పిల్లకు "ళ", "శ" కలిసిపోతున్నాయి. ఐదు తరగతులు చూసే మా ఇద్దరి కంటా పడనిది ఆవిడ చెవికి దొరికింది.

శనివారాలు సంచీ లేకుండా పంపుతున్నారు కదా, ఆ రోజు మీరు రండి. మీ పనిముట్టు తీసుకుని రండి. కిందటేడు వల అల్లే తాతగారు వచ్చి వరండాలో స్తంభానికి తాడు కట్టి అల్లడం మొదలుపెట్టారు. ఒక్క ముడి వేయడం చూసి పిల్లలంతా చుట్టూ మూగారు. కాసేపటికి మూడో తరగతి పిల్లాడు వరసకు 12 కన్నులు, ఆరు వరసలు, మొత్తం 72 అని గట్టిగా అరిచాడు. తాతగారు ఒక్కొక్కటే లెక్కపెట్టి చూసి "ఆయ్, సరిగ్గా చెప్పాడండీ" అన్నారు. ఎక్కాల మీద ఆ పిల్లాడికి అప్పటిదాకా ఇష్టం లేదు. దింపు తీసేవాళ్ళు, నారు పోసేవాళ్ళు, మిషను కుట్టేవాళ్ళు, చేపలు అమ్మేవాళ్ళు, ఎవరైనా సరే. గంట సేపు చాలు. ఆ పూట కూలి పోతుందంటే సాయంత్రం రండి, పిల్లల్ని అప్పటిదాకా ఉంచుతాను.

మిగతావి మీకు తెలిసినవే. తొమ్మిదింటికల్లా బడిలో ఉండాలి. గోళ్ళు తీయాలి, తలకు నూనె రాయాలి, మంచినీళ్ళ సీసా ఇవ్వాలి. కిట్‌లో వచ్చిన బూట్లు సరిపోకపోతే ఈ వారంలోనే చెప్పండి. ఫోన్ నంబరు మారితే ఆ రోజే చెప్పండి. మా మీద ఏ ఫిర్యాదు ఉన్నా రచ్చబండ దగ్గర కంటే ముందు నా దగ్గరికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం.

బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. ఇది చట్టం. సంతకం పెట్టి వెళ్ళిపోయే కమిటీ నాకు వద్దు. మరుగుదొడ్ల తలుపులు ఎప్పుడు బాగుచేయాలి, వచ్చిన డబ్బు దేనికి ఖర్చయింది అని నిలదీసి అడిగేవాళ్ళు కావాలి. లెక్కల పుస్తకం బల్ల మీదే ఉంటుంది.

మొదటి సమావేశం జూన్ మూడో శనివారం, పొలం పనుల నుంచి మీరు తిరిగి వచ్చే వేళకు, సాయంత్రం ఐదింటికి పెట్టాం. చంటిపిల్లలున్నవాళ్ళు ఎత్తుకునే రండి, వరండాలో చాపలు వేయిస్తాం. లంకకు ఆఖరి పడవ ఆరున్నరకు. లంక పిల్లల సంగతులు ముందు మాట్లాడి వాళ్ళ మామ్మలను ఆరింటికల్లా పంపించేస్తాను. పడవ సరంగుతో కూడా చెప్పాను, కాస్త ఆలస్యమైనా ఆగుతానన్నాడు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు
మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల