షెఫ్ అంటే వంట కాదు, తల

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలోని పదాల శీర్షికలో ‘చెఫ్’ అనే మాట ఇచ్చి, ఫ్రెంచి భాషలో దానికి వంటవాడని అర్థమనీ, నాలుగే అక్షరాలు కాబట్టి, ఇంగ్లిషు అక్షరాల బిళ్లలను గడుల పలక మీద మాటలుగా పేర్చే స్క్రాబుల్ ఆటలో దానికి పెద్ద విలువ లేదనీ రాశారు. ఆ శీర్షికను ఏళ్లుగా కత్తిరించి దాచుకుంటున్న పాఠకురాలిని కనుక, అందులోని రాత, అర్థం, విలువ మూడూ సరికావని చెప్పక తప్పడం లేదు.

ముందు అర్థం సంగతి. ఫ్రెంచిలో ఆ మాటకు పెద్ద, అధిపతి అని అర్థం. వాద్యబృందాన్ని నడిపించేవాడూ అక్కడ షెఫే, రైల్వే స్టేషన్ మాస్టరూ షెఫే. వంటగదికి అధిపతి అయినవాణ్ణి ‘షెఫ్ ద క్విజీన్’ అన్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లిషువారు ఆ పేరును తెచ్చుకుని, వాడుకలో వెనక సగాన్ని వదిలేశారు. వంటను సూచించే భాగం ఆ వెనక సగంలోనే ఉంది. క్విజీన్, కిచెన్, కుక్ అనే మూడు మాటలూ వంటకు సంబంధించిన ఒకే లాటిన్ కుటుంబానివి కాగా, షెఫ్‌కు ఆ కుటుంబంతో చుట్టరికమే లేదు. అది లాటిన్‌లో తల అనే అర్థమున్న ‘కాపుట్’ నుంచి వచ్చింది. కెప్టెన్, క్యాపిటల్ కూడా అక్కడివే. ఇందులో మనకు వింత తోచనక్కరలేదు, ఎందుకంటే ముఖం నుంచి ముఖ్యుణ్ణీ ప్రముఖుణ్ణీ పుట్టించుకున్న భాషలో మనం మాట్లాడుతున్నాం, పలుకుబడి గలవారిని పెద్ద తలకాయలు అని కూడా అంటున్నాం. అందరం రోజూ జేబులో పెట్టుకునే కర్చీఫ్‌లో ఉన్న ‘చీఫ్’ కూడా ఆ తలే. పాత ఫ్రెంచిలో అది తలను కప్పే గుడ్డ, తరువాత ఇంగ్లిషులో ముందు చెయ్యి చేరి చేతిగుడ్డ అయింది.

ఇక రాత. దీన్ని నేను చాదస్తంతో పట్టుకోలేదు, ఈ మాట చరిత్రంతా ఆ మొదటి అక్షరంలోనే ఉంది. చీఫ్, షెఫ్ రెండూ నిజానికి ఒకే ఫ్రెంచి మాట, ఇంగ్లిషులోకి రెండుసార్లు వచ్చింది. మొదటిసారి 1300 ప్రాంతంలో వచ్చింది. పాత ఫ్రెంచిలో ఆ ధ్వని ‘చ’ కాబట్టి చీఫ్ అనే స్థిరపడింది, చైన్, చేంజ్, చాంబర్ కూడా అలా వచ్చినవే. తరువాత ఫ్రెంచివారి నోట ఆ ‘చ’ క్రమంగా ‘ష’ అయింది. ఆ మార్పు జరిగిపోయిన ఎన్నో వందల ఏళ్లకు అదే మాట వంటగది దారిన రెండోసారి వచ్చింది కనుక షెఫ్ అయింది. షాంపేన్, మెషీన్ లాంటి మాటలు ‘ష’తో పలకడానికి కారణం కూడా ఇదే. మెషీన్‌ను మీరు మెచీన్ అని ఎన్నడూ అచ్చు వేయలేదు. చెఫ్ అని వేసినప్పుడు మాత్రం, ఆ మాట ఏ కాలంలో వచ్చిందో చెప్పే ఆ ఒక్క గుర్తునూ మనమే చెరిపేసినట్టవుతుంది.

స్క్రాబుల్ విషయంలో నాకు మరీ బాధ కలిగింది. ఆ ఆటను రూపొందించిన ఆల్ఫ్రెడ్ బట్స్ 1930లలో అక్షరాల విలువలను కట్టింది మీలాంటి వార్తాపత్రికల పుటలను ముందు పెట్టుకుని, ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తున్నదో లెక్కపెట్టి; అరుదుగా వచ్చేదానికి విలువ ఎక్కువ. ఇంగ్లిషు ఆటలోని నూరు బిళ్లల్లో సి, హెచ్, ఎఫ్ రెండేసి మాత్రమే ఉంటాయి. సి‌కి 3, హెచ్‌కు 4, ఎఫ్‌కు 4, ఇ‌కి 1, వెరసి 12. కుక్ అనే మాటలో కె ఒక్కదానికే 5 ఉన్నా, మొత్తం 10 దగ్గరే ఆగుతుంది. ఫ్రెంచి ఆటలో బిళ్లల లెక్కా విలువలూ వేరు, అక్కడ కె విలువ 10. అయినా ఈ నాలుగు అక్షరాల విలువ మాత్రం మారలేదు, పుట్టింటిలోనూ షెఫ్‌కు పన్నెండే.

అంకెలకన్నా అక్కర ముఖ్యం. మొన్న సాయంత్రం మా మనవరాలికి ఆట మొదట్లోనే సి, హెచ్, ఎఫ్, వి, రెండు ఎన్‌లు, ఒకే ఒక ఇ వచ్చాయి. ఒక్క అచ్చుతో ఏం చెయ్యనమ్మమ్మా అని బిళ్లలను అటూ ఇటూ జరిపి జరిపి, చివరికి షెఫ్ పేర్చింది. మొదటి ఎత్తు నడిమి గడి మీదుగా పోతుంది, అక్కడ మాట విలువ రెట్టింపు అవుతుంది కాబట్టి 24 వచ్చాయి. పైగా వదిలించుకోవడానికి కష్టమైన సి కూడా పోయింది; ఉత్తర అమెరికాలో వాడే పదాల జాబితాలో సి ఉన్న రెండక్షరాల మాట ఒక్కటీ లేదు. ఒక ఐ గనక దొరికి ఉంటే అన్నగారైన చీఫ్‌నే వేసి, చివరి ఎఫ్‌ను అక్షరం రెట్టింపయ్యే గడిలో కూర్చోబెట్టి, 34 రాబట్టవచ్చునని ఆ పిల్లకు చూపించాను. ఆ రెండు మాటలూ ఒకటేనని తెలిసినప్పుడు తను ఆట ఆపి మరీ అడిగిన ప్రశ్నలకు జవాబులు వెతుకుతూనే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

వచ్చే వారం శీర్షికలో సవరణ వేస్తారని ఆశిస్తున్నాను. అప్పుడు ‘సూ షెఫ్’ను కూడా చేర్చండి. సూ అంటే ఫ్రెంచిలో కింద అని అర్థం, పెద్ద కింద పనిచేసే రెండో పెద్ద అన్నమాట. దాన్ని కొన్ని చోట్ల ‘సౌస్ చెఫ్’ అని అచ్చు వేయడం చూశాను.

ఇట్లు,
మీ పాఠకురాలు