చేపల తొట్టిని వారం వారం కడిగేయకండి

సంపాదకులకు నమస్కారం.

ఎండాకాలం రాగానే పిట్టలకు డాబా మీద నీళ్లు పెట్టమని, వీధి కుక్కలకు గేటు ముందు గిన్నె ఉంచమని పత్రికలు గుర్తుచేస్తాయి. మంచి మాట. ఇంట్లో అద్దాల తొట్టిలో ఉన్న చేపల సంగతి మాత్రం ఎక్కడా కనబడదు. చేపలు చచ్చిపోతే ‘మాకు అచ్చిరావు’ అంటారు, ఇంటి దిష్టి అవి తీసుకుపోయాయంటారు, లేదంటే దుకాణం నుంచి చేపల జబ్బులకని అమ్మే నీలం మందు (మిథిలిన్ బ్లూ) తెచ్చి పోస్తారు. చాలాసార్లు అక్కడ జబ్బూ లేదు, దిష్టీ లేదు. నీళ్లు చెడ్డాయి. అవి చెడింది కూడా ఎక్కువసార్లు మురికి వల్ల కాదు, అతిగా కడగడం వల్ల.

ఆదివారం పొద్దున చాలా ఇళ్లలో జరిగేది చూడండి. చేపల్ని మగ్గులోకి తీస్తారు. నీళ్లన్నీ పారబోస్తారు. అడుగు రాళ్లను బకెట్లో వేసి నీళ్లు తేటపడేదాకా కడుగుతారు. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పట్టి కొత్తదానిలా అయ్యేదాకా పిండుతారు. నిండా కొత్త నీళ్లు పోసి చేపల్ని వదులుతారు. ఆ పూటకు తొట్టి మెరిసిపోతుంది. మంగళవారానికో బుధవారానికో నీళ్లు పల్చటి గంజిలా తెల్లబడతాయి. పాడైపోయాయని మళ్లీ కడుగుతారు. మూడోసారికి చేపలు ఉండవు.

కారణం ఇది. చేప మొప్పల నుంచి అమ్మోనియా వదులుతుంది. తినగా మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. అది చేపకు విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొంత పేరుకున్నా చేప ఓర్చుకుంటుంది. ఈ రెండు రకాల బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండేది చాలా తక్కువ. అసలు కాపురమంతా స్పాంజికి, రాళ్లకు పట్టిన జిగురులోనే. అందుకే నీళ్లు మారిస్తే వాటికి నష్టం లేదు. స్పాంజిని, రాళ్లను ఒకేరోజు క్లోరిన్ నీళ్లతో తోమేస్తే తొట్టి మళ్లీ మొదటిరోజు స్థితికి వస్తుంది. తెల్లటి మసక వేరే రకం సూక్ష్మజీవులది. పాతవి పోయిన చోట అవి ఒక్కసారిగా పెరుగుతాయి. మేత తగ్గించి గాలి ఆడనిస్తే కొద్దిరోజుల్లో దానంతటదే తేటబడుతుంది.

స్పాంజిని కడగకూడదని కాదు. వారం వారం తొట్టిలోంచి తీసిన నీళ్లనే బకెట్లో ఉంచుకుని, స్పాంజిని అందులో ముంచి మూడు నాలుగుసార్లు పిండాలి. చిక్కటి గోధుమరంగు మడ్డి దిగుతుంది. స్పాంజి రంధ్రాల్లోంచి నీరు మళ్లీ సులువుగా పారుతోందంటే చాలు, అక్కడితో ఆపేయాలి. స్పాంజి ఇంకా గోధుమరంగులోనే, చేతికి కాస్త జారుడుగా ఉండాలి. ఆ రంగు పోయిందంటే ఎక్కువ పిండినట్టే. బకెట్లో మిగిలిన నీళ్లు పూలకుండీలకు పోయండి, మంచి ఎరువు.

మార్చాల్సిన నీళ్లు వారానికి పావు వంతు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో నిండా పోస్తే 55 లీటర్ల దాకా పడతాయి. రాళ్లు, పైన వదిలిన ఖాళీ పోను సుమారు 45 లీటర్లు. అంటే వారానికి 11 లీటర్లు. సైఫన్ గొట్టాన్ని రాళ్లలోకి గుచ్చుతూ అడుగు మడ్డితో సహా ఆ 11 లీటర్లు లాగండి. ఈ వారం సగం అడుగు, పై వారం మిగతా సగం.

మేత లెక్క కూడా చెప్పాలి. భీమవరం, కైకలూరు వైపు చెరువు రైతులకు ఇది కొత్త కాదు. మేత ఎక్కువైతే ముందు దెబ్బతినేది నీళ్లేనని, తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే ఆక్సిజన్ పడిపోయిందని, ఏరేటర్లు తిప్పాలని వాళ్లకు తెలుసు. ఎకరాల చెరువులో పాటించే జాగ్రత్త 45 లీటర్ల తొట్టిలో ఇంకా ఎక్కువ కావాలి. కిలో మేతకు సుమారు 30 గ్రాముల అమ్మోనియా పుడుతుందని చేపల పెంపకంలో వాడే లెక్క. అంటే 1 గ్రాము మేతకు 30 మిల్లీగ్రాములు. 45 లీటర్లలో అది లీటరుకు 0.6 మిల్లీగ్రాముల పైమాటే. బ్యాక్టీరియా లేని కొత్త తొట్టిలో ఒక్కరోజు మేతకే నీళ్లు ప్రమాదపు గీత దాటతాయన్నమాట. రెండు నిమిషాల్లో చేపలు పూర్తిగా తినేసేంత చిటికెడు చాలు, రోజుకు ఒకసారో రెండుసార్లో. ఇంటికొచ్చిన పిల్లలందరూ తలా చిటికెడు వేయకుండా డబ్బాను అటక మీద పెట్టండి.

అమ్మోనియా ఎంత ఉందో కంటికి కనబడదు. నీళ్లు అద్దంలా ఉండి కూడా విషం కావచ్చు. అక్వేరియం దుకాణాల్లో దొరికే చుక్కల టెస్ట్ కిట్ తెచ్చుకోండి. ఎక్కువ కిట్లలో పసుపు రంగు వస్తే అమ్మోనియా లేనట్టు, ఆకుపచ్చ తిరిగేకొద్దీ పెరిగినట్టు. ఆ అంకెను పీహెచ్‌తో, అంటే నీళ్ల పులుపును చెప్పే కొలతతో (7 కంటే తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), కలిపి చదవాలి. నీళ్లు 30 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు పీహెచ్ 7 అయితే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది నూటికి ఒక వంతు కంటే తక్కువ. పీహెచ్ 8 అయితే నూటికి ఏడెనిమిది వంతులు. 8.5 అయితే నూటికి 20. మన ఊళ్లలో బోరు నీళ్లు చాలాచోట్ల 7.5 నుంచి 8.5 మధ్య ఉంటాయి కాబట్టి, కిట్ లీటరుకు 0.5 మిల్లీగ్రాములు చూపినా తేలిగ్గా తీసుకోకూడదు. మూడో వంతు నీళ్లు మార్చి, రెండు రోజులు మేత ఆపి, ఎయిర్ పంప్ రాత్రింబవళ్లు నడపాలి. ఎదిగిన చేప మూడు నాలుగు రోజులు మేత లేకున్నా చావదు.

ఇక్కడే చాలామందికి అంతుపట్టని చావు ఒకటుంది. నెలల తరబడి నీళ్లు మార్చని తొట్టిలో చేపలు బాగానే తిరుగుతుంటాయి. ఎవరో చెప్పారని ఒకరోజు సగం నీళ్లు తీసి బోరు నీళ్లు పోస్తారు. సాయంత్రానికి చేపలు తేలిపోతాయి. ‘కొత్త నీళ్లు పడలేదు’ అంటారు. జరిగింది వేరు. బ్యాక్టీరియా అమ్మోనియాను మార్చేటప్పుడు నీళ్లలోని ఆల్కలినిటీని, అంటే పీహెచ్ పడిపోకుండా కాపాడే లవణాలను, తింటూ పోతుంది. అమ్మోనియాలోని నైట్రోజన్ ఒక మిల్లీగ్రాముకు సుమారు 7 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ ఖర్చవుతుంది. మార్చకుండా ఉంచిన నీళ్లలో ఆల్కలినిటీ అయిపోయి పీహెచ్ 6కు, ఇంకా కిందికి దిగుతుంది. ఆ పులుపులో బ్యాక్టీరియా మందగించి అమ్మోనియా పేరుకుంటుంది. పీహెచ్ తక్కువ కాబట్టి ఆ అమ్మోనియా చేపకు అంతగా హాని చేయని రూపంలో నిద్రపోతూ ఉంటుంది. పీహెచ్ 8 ఉన్న బోరు నీళ్లు ఒక్కసారి పడగానే అందులో విషరూపం ఎన్నో రెట్లు పెరుగుతుంది. కాబట్టి వదిలేసిన తొట్టిని ఒక్కరోజులో బాగుచేయాలని చూడకండి. రోజుకు పదో వంతు, అంటే 45 లీటర్ల తొట్టికి నాలుగు లీటర్లు తీసి నాలుగు లీటర్లు పోస్తూ పది రోజులు తీసుకోండి. ఆ పది రోజులూ మేత సగమే.

పూర్తిగా ఆర్వో నీళ్లు వాడేవారికీ ఇదే ముప్పు. తాగడానికి తీసిన ఆ నీళ్లలో ఆల్కలినిటీ దాదాపు ఉండదు, పీహెచ్ ఎప్పుడైనా జారిపోతుంది. బోరు నీళ్లు సగం, ఆర్వో నీళ్లు సగం కలిపితే గప్పీలు, మోలీలు, గోల్డ్‌ఫిష్ అన్నింటికీ సరిపోతుంది. బోరు నీళ్లు దొరకనివారు 50 లీటర్లకు 5 గ్రాముల వంటసోడాను రెండు మూడు రోజుల్లో కొంచెం కొంచెంగా కరిగించి పోస్తే ఆల్కలినిటీ 60 పీపీఎం (లీటరుకు 60 మిల్లీగ్రాములు) దాకా పెరుగుతుంది. అయితే ముందు అమ్మోనియా పరీక్ష చేయాలి. అమ్మోనియా ఉన్న నీళ్లలో సోడా వేస్తే, పైన చెప్పిన చావును చేజేతులా తెచ్చుకున్నట్టే.

నల్లా నీళ్లయితే క్లోరిన్ తీయాలి. ముందురోజు రాత్రి డ్రమ్ములో పట్టి ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) వేసి ఉంచితే తెల్లారేసరికి మామూలు మోతాదు పోతుంది. వానాకాలం మొదట్లో క్లోరిన్ ఎక్కువ కలుపుతారు, వాసన బట్టే తెలుస్తుంది. అప్పుడు హైపో (సోడియం థయోసల్ఫేట్) పలుకులు 100 లీటర్లకు 1 గ్రాము చొప్పున కరిగించి కలపండి. దుకాణంలో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే చుక్కల్లో ఎక్కువగా ఉండేది ఇదే.

ఎండాకాలం సంగతి. నీళ్లు 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు, 30 దగ్గర 7.6 మాత్రమే. చేపకు మాత్రం వేడి పెరిగేకొద్దీ ఆక్సిజన్ ఎక్కువ కావాలి. ఐస్ ముక్కలు వేయకండి, ఒక్కసారిగా చల్లబడితే చేప తట్టుకోలేదు. మూత తీసి వల పరిచి, నీటి మట్టం మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు నిదానంగా దిగుతాయి. ఆవిరైన మేరకు ఆర్వో నీళ్లతో నింపుతూ ఉండాలి. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి చేతికందేచోట ఉంచుకోండి. డబ్బా ఫిల్టర్ గంటల తరబడి ఆగిపోతే లోపల నిలిచిన నీళ్లు కుళ్లుతాయి. కరెంటు రాగానే దాన్ని నేరుగా ఆన్ చేయకుండా, ఆ నీళ్లు పారబోసి, లోపలి స్పాంజిని తొట్టి నీళ్లలో ఒకసారి ముంచి తీశాకే నడపాలి.

కొత్త తొట్టి పెట్టేవారికి ఒక్క మాట. ఫిల్టర్ ఆన్ చేసి, రోజూ చిటికెడు మేత వేస్తూ, చేపలు లేకుండా నాలుగు నుంచి ఆరు వారాలు నడపండి. ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టిలోంచి వాడిన స్పాంజి ముక్క తెచ్చి మీ ఫిల్టర్‌లో పెడితే ఈ గడువు బాగా తగ్గుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాకే చేపలు. ఇప్పటికే చేపలు వేసేసి నైట్రైట్ పెరిగితే మొప్పలు గోధుమరంగుకు తిరుగుతాయి, చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది. అయోడిన్ కలపని రాళ్లుప్పు లీటరుకు 1 గ్రాము వేస్తే ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది. మొక్కలున్న తొట్టిలో సగమే వేయండి. నీలం మందు తొట్టిలో పోయకండి, ఫిల్టర్‌లోని బ్యాక్టీరియాకు దెబ్బ. నిజంగా జబ్బే అయితే ఆ చేపను వేరే బకెట్లో ఉంచి మందు వేయాలి.

విసిగిపోయి చేపల్ని చెరువులో, కాలువలో వదిలేసేవారూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. అద్దం మీది పాచి తింటుందని కొన్న సక్కర్ చేప మన చెరువుల్లో పడి, దెయ్యం చేప పేరుతో రైతుల వలలు చింపుతోంది. అక్కర్లేని చేపను దుకాణానికే తిరిగి ఇవ్వండి.

చివరగా దుకాణదారులకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. తొట్టి, చేపలు ఒకేరోజు అమ్మకండి. మూడు లీటర్ల గాజు గోళంలో గోల్డ్‌ఫిష్ వేసి పుట్టినరోజు కానుకగా ఇవ్వకండి. అది అరచేతిని మించి పెరిగే చేప, ఆ గోళంలో దాని అమ్మోనియా దానికే చుట్టుకుంటుంది. తొట్టి కొన్నవారికి బిల్లు మీదే ‘చేపల కోసం ఫలానా తేదీ తర్వాత రండి, వచ్చేటప్పుడు మీ తొట్టి నీళ్లు ఒక సీసాలో తెండి’ అని రాసివ్వండి. సీసాలో తెచ్చిన నీళ్లను అక్కడే కౌంటరు మీద కిట్ చుక్కలు వేసి పరీక్షించండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వస్తేనే చేపలివ్వండి.

— ఒక పాఠకుడు, విజయవాడ