కొయ్య ఎరను ఈదించేది రంగు కాదు, పొట్టలోని బరువు

సంపాదకులకు,

నమస్కారం. బాస్ చేపలను గాలంతో పట్టడానికి కొయ్య, సీసం, ప్లాస్టిక్‌లతో ఇంట్లోనే కృత్రిమ ఎరలు చేసుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఈ పని గురించి తెలుగులో రాసేవాళ్లే అరుదు, అందుకని వ్యాసం రావడమే సంతోషం. కానీ అందులో సగానికి పైగా రంగులకే పోయింది. పొలుసుల గీతలు ఎలా వేయాలో, కన్ను ఎక్కడ అతికించాలో వివరంగా చెప్పారు. ఎర నీళ్లలో ఎందుకు ఊగుతుంది, ఎందుకు బోల్తా పడుతుంది అన్నది మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశారు. సీసం కరిగించడం గురించి చెప్పే చోట వంటింటి పొయ్యి మీద గిన్నె పెట్టిన బొమ్మ వేశారు. మొదటి లోపం వల్ల పాఠకుడికి నాలుగు చెక్కముక్కలు వృథా అవుతాయి. రెండోది ఇంట్లో పిల్లల ఆరోగ్యం మీదికి తెస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు కొయ్య ఎర సంగతి. క్రాంక్‌బెయిట్ అనే ఎరకు మూతి కింద లిప్ అని ఒక చిన్న రేకు ఉంటుంది. లైను లాగుతుంటే నీరు ఆ రేకుకు తగిలి ఎరను కిందికి తోస్తుంది. రేకు అంచుల నుంచి సుడులు ఒకసారి ఇటు, ఒకసారి అటు విడిపోతూ ఎరను పక్కలకు ఊపుతాయి. పక్కకు ఒరిగిన ఎరను మళ్లీ నిలబెట్టేది పొట్టలో పెట్టిన బరువు. రేకు ఊపుతుంది, బరువు నిలబెడుతుంది. ఆ రెండింటికీ పొత్తు కుదరకపోతే ఎంత అందంగా రంగు వేసినా అది చేప ఆకారంలో ఉన్న చెక్కముక్కే. బాస్ చేప ఒంటి పక్కనున్న పార్శ్వరేఖతో నీటి కదలికను పసిగడుతుంది. బురద నీళ్లలో ఎర రంగు కంటే ముందు దానికి అందేది ఈ ఊపే.

ఫిన్లాండ్‌లో లౌరీ రాపాలా 1936లో తన తొలి ఎరను బెండుతో చెక్కాడు. చాక్లెట్లకు చుట్టే తళుకు కాగితాన్ని దాని మీద అతికించి, ఫొటో నెగటివ్‌లు కరిగించి పూత పూశాడు. ఆయన చేసింది బాస్ కోసం కాదు గానీ, విషయం ఒకటే. సామాను చేతికి దొరికిందే. దెబ్బ తగిలిన చిన్న చేప ఒరుగుతూ ఈదే తీరును ఎరలోకి తేవడమే ఆయన చేసిన అసలు పని.

వ్యాసంలో ముందు దిమ్మను చేప ఆకారంలో చెక్కి, ఆ తర్వాత లిప్ కోసం గాడి కోయమన్నారు. ఇది తలకిందుల వరస. గుండ్రంగా చెక్కిన చెక్క మీద రంపం నిలవదు, గాడి వంకరపోతుంది. లిప్ ఒక్క మిల్లీమీటరు ఒరిగినా ఎర ఎప్పుడూ ఒకే పక్కకు పోతుంది. దిమ్మ నాలుగు పలకలుగా ఉన్నప్పుడే నడిమి గీత గీసి, లిప్ గాడి, పొట్టలో బరువు రంధ్రం, తీగ దిగే గాడి మూడూ కోసేయాలి. చెక్కడం ఆ తర్వాత. చెక్కేటప్పుడు నడిమి గీత చెరిగిపోతే మళ్లీ గీసుకుంటూ ఉండాలి. ఆ గీత పోయాక రెండు పక్కలూ సమంగా వచ్చాయా అన్నది కంటితో తేలదు.

లిప్‌కు 1.5 మిల్లీమీటర్ల పాలికార్బనేట్ రేకు సరిపోతుంది. అక్రిలిక్ చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ రాయికి తగిలితే చిట్లుతుంది. అతికించడానికి ఎపాక్సీయే (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) వాడాలి. సూపర్ గ్లూ వాడితే దాని ఆవిరికి రేకు తెల్లగా మసకబారుతుంది, అసిటోన్‌తో తుడిస్తే సన్న పగుళ్లు పడతాయి. లిప్ కిందికి వాలి నిటారుకు దగ్గరగా ఉంటే ఎర తక్కువ లోతులో పోతుంది. పొడవుగా ఉండి ఒంటికి సూటిగా ముందుకు చాచుకుని ఉంటే లోతుకు దిగుతుంది. వెడల్పు పెంచితే ఊపు విశాలమవుతుంది.

ఎరలు చెక్కే బాల్సా చాలా తేలికైన, మెత్తటి చెక్క. అందులో మరకొక్కేలు (చెక్కలోకి తిప్పి దించే కొక్కేలు) నిలవవు. చేప ఒక్కసారి తల విదిలిస్తే ఊడి వచ్చేస్తాయి. లైను, గాలాలు తగిలించే తీగ చుట్టును కన్ను అంటారు. మూతి దగ్గర ఒక కన్ను, పొట్ట కింద ఒకటి, తోక దగ్గర ఒకటి వచ్చేలా 0.8 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ తీగను ఒకే ముక్కగా వంచి, పొట్ట గాడిలో కూర్చి ఎపాక్సీతో పూడ్చాలి. అప్పుడు చెక్క విరిగినా చేప తీగ మీద ఉంటుంది.

ఇక వ్యాసం వదిలేసిన అసలు లెక్క. 6 సెంటీమీటర్ల పొడవు, 2.2 ఎత్తు, 1.6 మందం ఉన్న బాల్సా దిమ్మను తీసుకుందాం. చెక్కి గుండ్రం చేశాక అది సుమారు 11 మిల్లీలీటర్ల నీటిని తోస్తుంది. దీన్ని ఊహించాల్సిన పని లేదు, కొలవొచ్చు. ఎపాక్సీ పలచగా పూసి ఆరనిచ్చిన ఒడలును పక్కన ఉంచుకోండి. గ్రాముల త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి అంకెను సున్నా చేయండి. సన్నటి సూదితో ఒడలును గుచ్చి పూర్తిగా నీళ్లలోకి నొక్కి పట్టండి. గ్లాసు అంచుకు గానీ అడుక్కు గానీ తగలకూడదు. అప్పుడు త్రాసు ఎన్ని గ్రాములు చూపిస్తే అన్ని మిల్లీలీటర్లు దాని ఘనపరిమాణం. ఎర మొత్తం బరువు ఆ అంకెకు చేరితే తేలదు, మునగదు, నీటి మధ్యలో ఆగిపోతుంది. దాటితే మునుగుతుంది.

ఇప్పుడు ఒడలు, లిప్, తీగ, రెండు మూడుముళ్ల గాలాలు, వాటిని కంటికి తగిలించే స్ప్లిట్ రింగులు అన్నీ కలిపి తూచండి. రంగుకూ పైపూతకూ ఒకటిన్నర గ్రాములు కలపండి. ఈ కొలత ఎరకు మొత్తం ఏడు గ్రాములకు అటూ ఇటూ వస్తుంది. పొట్టలో రెండున్నర గ్రాములు పెడితే తొమ్మిదిన్నర. ఇంకా ఒకటిన్నర గ్రాముల తేలుడు మిగులుతుంది. ఈ మిగులు చాలా ముఖ్యం. మునిగిన కొమ్మల మధ్య ఎర తట్టుకున్నప్పుడు లాగడం ఆపితే అది దానంతటదే వెనక్కి తేలి బయటపడేది ఈ మిగులు వల్లే.

బరువు ఎంత అన్నది తేలింది, ఎక్కడ అన్నది మిగిలింది. లిప్ గాడికీ ముందు గాలం కంటికీ మధ్య, పొట్ట అడుగుకు వీలైనంత దగ్గరగా పెట్టాలి. పూడ్చేముందు బరువును బయటే మైనంతో అతికించి, గాలాలన్నీ తగిలించి బకెట్‌లో వదలండి. వీపు కాస్త పైకి కనబడుతూ, ఒడలు సమంగా గానీ మూతి ఒక పిసరు కిందికి గానీ ఉండాలి. తోక వాలితే బరువు ముందుకు జరపండి. వేలితో పక్కకు పడేస్తే వెంటనే లేవాలి. లేవకపోతే బరువు తక్కువైనట్టు, లేదా పైకి ఉన్నట్టు. లిప్‌కు, బరువుకు ఎపాక్సీ పోసేది ఈ పరీక్ష అయ్యాకే.

నీళ్లలో లాగి చూసినప్పుడు ఊగకుండా కర్రలా వస్తే పొట్టలో బరువు మితిమీరింది, లేదా లిప్ మరీ సన్నం. గిరగిరా తిరిగి వెల్లకిలా పడితే బరువు చాలలేదు, లేదా లిప్ పెద్దదైంది. మొదట బాగా ఊగిన ఎర పైపూత వేశాక మొద్దుబారితే వీపు మీద ఎపాక్సీ మందంగా పేరుకుందని అర్థం. బరువు పైకి చేరి పొట్ట బరువుతో పోట్లాడుతుంది. పూత పలచగా రెండుసార్లు వేయడం మేలు. గట్టిపడేదాకా ఎరను నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి, లేకపోతే ఎపాక్సీ అంతా ఒక పక్కకు కారి అక్కడే బరువవుతుంది. తేమ ఎక్కువున్న రోజున వేసిన పూత మీద జిడ్డు పొర కడుతుంది.

ఎర ఎప్పుడూ ఒకే పక్కకు పోతుంటే ముందు లిప్ వంకరగా ఉందేమో చూడాలి. అది నిలువుగానే ఉంటే మూతి కన్నును పట్టుకారతో, ఎర ఏ పక్కకు పోతోందో దానికి ఎదురు పక్కకు వంచాలి. మూతి మీ వైపు ఉండేలా పట్టుకుని, ఎడమకు పోయే ఎర కన్నును కుడికి వంచండి. వెంట్రుక వాసి చాలు. వంచాలి గాని మెలిపెట్టకూడదు. ప్రతిసారీ వేగంగా లాగి చూడండి, నెమ్మదిగా లాగితే తప్పు దాక్కుంటుంది.

రంగు గురించి రెండు మాటలు చాలు. కలక నీళ్లలో నలుపు, మెరిసే పసుపు పచ్చ. తేట నీళ్లలో అక్కడ తిరిగే చిన్న చేపల రంగు. ఇంతకు మించిన శ్రద్ధ గాలం కన్ను చుట్టూ ఉన్న రంధ్రం మీద పెట్టాలి. అక్కడ పూత చిట్లితే నీరు దిగి బాల్సా ఉబ్బుతుంది, ఎర బరువెక్కి ఊపు చచ్చిపోతుంది.

ఇక సీసం. జిగ్ తలలు (గాలానికి తలలా పోసే లోహపు ముద్దలు), గుండ్లు పోతపోసే పని వంటింట్లో చేయకూడదు. వంట పాత్రల్లో అసలే చేయకూడదు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కంటికి కనిపించే పొగ ఒక్కటే ప్రమాదం కాదు. పైన తేలే బూడిద తెట్టు పొడిగా రాలి గచ్చు మీద, బట్టల మీద, చేతుల మీద చేరుతుంది. పాకే పిల్లల నోట్లోకి వెళ్లేది అదే. ఇంతవరకైతే పరవాలేదు అని చెప్పదగ్గ సీసం మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ పని ఆరుబయట, గాలి వీపు వైపు నుంచి వీచేలా కూర్చుని, దీనికే కేటాయించిన మూకుడులో చేయాలి. పిల్లలు, గర్భిణులు దరిదాపుల్లో ఉండకూడదు. పని అయ్యాక చేతులు కడిగి, బట్టలు విడిగా ఉతికాకే తిండి జోలికి వెళ్లాలి.

వ్యాసంలో లేని ఇంకో ప్రమాదం తడి. కరిగిన సీసం కింద ఒక్క నీటి బొట్టు చిక్కినా అది క్షణంలో ఆవిరై దాదాపు 1,600 రెట్లు ఉబ్బుతుంది, పైనున్న సీసాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. కరిగిన మూకుడులో చల్లటి సీసం ముక్క వేయకూడదు. దాని పగుళ్లలో తేమ ఉండొచ్చు. అంచు మీద ఆనించి వేడెక్కనిచ్చి జారవిడవాలి. అచ్చును, గరిటెను కూడా ముందే వేడి చేయాలి. మొహానికి అద్దం కవచం, చేతులకు తోలు తొడుగులు, కాళ్లకు మూసిన బూట్లు లేకుండా కూర్చోవద్దు.

అచ్చు చల్లగా ఉంటే సీసం మూలలకు చేరకముందే గడ్డకట్టి జిగ్ తల సగమే వస్తుంది. మొదటి నాలుగైదు పోతలు అచ్చును వేడి చేయడానికే అనుకుని తిరిగి కరిగించుకోవాలి. లోపలి పక్క కొవ్వొత్తి మసి పట్టిస్తే సీసం సాఫీగా జారుతుంది. వేడి 400 డిగ్రీలు దాటనివ్వకండి. కారు చక్రాలకు తగిలించే పాత బరువుల్లో కొన్ని జింకువి ఉంటాయి. జింకు 419 డిగ్రీల దాకా కరగదు, సీసం కంటే తేలిక కాబట్టి పైన తేలుతుంది, గరిటెతో తీసి పారేయొచ్చు. అంతకు మించి వేడి చేస్తే అది కరిగి కలిసిపోతుంది, ఆ మూకుడులోని సీసం ఇక అచ్చు నిండదు. పాత బ్యాటరీ పలకలు మాత్రం ముట్టుకోవద్దు. వాటిలో ఆమ్లం, యాంటిమొనీ, ఆర్సెనిక్ ఉంటాయి.

సీసం లేకుండా చేసుకునే దారి ఉందని వ్యాసం ఒక్క ముక్క కూడా చెప్పలేదు. బ్రిటన్‌లో హంసలు సీసం గుండ్లు మింగి చనిపోతున్నాయని 1987లో 0.06 గ్రాముల నుంచి 28.35 గ్రాముల దాకా ఉన్న సీసం బరువులను నిషేధించారు. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ లాంటి రాష్ట్రాల్లోనూ లూన్ అనే నీటి పక్షుల కోసం ఇలాంటి నిషేధమే ఉంది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, మామూలు సీసం అచ్చులోనే పోయొచ్చు. సీసం కంటే తేలిక కాబట్టి 10 గ్రాముల అచ్చులో ఆరున్నర గ్రాముల లోపే వస్తుంది, ఒక సైజు పెద్ద అచ్చు వాడుకోవాలి. బిస్మత్, తగరం 58, 42 పాళ్లలో కలిపిన మిశ్రమం 138 డిగ్రీలకే కరుగుతుంది, బరువు ఇంకొంచెం ఎక్కువ వస్తుంది. అయితే దానికి పొడి రంగు వేయకూడదు. ఆ రంగు గట్టిపడాలంటే ఓవెన్‌లో 175 డిగ్రీల దాకా కాల్చాలి, అంతకు చాలా ముందే జిగ్ తల కరిగి గాలం మీది నుంచి కారిపోతుంది. బ్రష్‌తో వేసే రంగే దారి. టంగ్‌స్టన్ 3,400 డిగ్రీలు దాటితే గాని కరగదు, కాబట్టి ఇంట్లో పోత పోయగలిగేది కాదు.

మెత్తటి ప్లాస్టిక్‌తో చేసే పురుగు ఎరల గురించి వ్యాసం చెప్పింది చాలావరకు సరైనదే. ఒక్కటి చేర్చాలి. ఆ పురుగులు పోసే ద్రవ ప్లాస్టిక్, ప్లాస్టిసాల్, 175 డిగ్రీల దగ్గర చిక్కటి తేనెలా, తేటగా అవుతుంది. 200 దాటితే పసుపెక్కి, మాడి, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును వదులుతుంది. అది ఊపిరితిత్తులను కాలుస్తుంది. కొంచెం కొంచెంగా వేడి చేస్తూ థర్మామీటరుతో చూసుకోవాలి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చును రోజుల తరబడి ఆరబెట్టి, ఎపాక్సీ పూసి మూయకపోతే లోపలి తేమ బుడగలై పురుగు ఒంటి నిండా గుంటలు పడతాయి. చిరిగిన పురుగులను నీళ్లలో పారేయొద్దు. చేప మింగితే అవి కడుపులో అరగవు, ఉబ్బుతాయి. ఇంటికి తెస్తే మళ్లీ కరిగించి పోసుకోవచ్చు.

వంటింటి పొయ్యి మీద సీసం గిన్నె ఉన్న ఆ బొమ్మకు సవరణ వేయమని, వచ్చే అనుబంధంలోనే, అదే పేజీలో వేయమని కోరుతున్నాను. వ్యాసాన్ని దాచుకుని ఈ సెలవుల్లో పని మొదలుపెట్టే పాఠకులు ఉంటారు.

ఇట్లు,
ఒక పాఠకుడు