పసిపిల్లల నిమ్ముకు ఏ వైరస్ కారణమో పరీక్షించండి

ఒడిశా ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను రాయగడ జిల్లా గుణుపూర్ మనిషిని. ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. వానలు ముదిరాక ఒకసారి, చలికాలంలో మరోసారి మా వైపు పిల్లల వార్డులు నిండిపోతాయి. తల్లి తెలుగులో చెప్పినా, ఒడియాలో చెప్పినా, సవరలో చెప్పినా ఆ బాధ ఒక్కటే: బిడ్డ పాలు తాగట్లేదు, పిల్లికూతలు వస్తున్నాయి, డొక్కలు ఎగరేస్తోంది.

కేస్ షీట్‌లో న్యుమోనియా అనో బ్రాంకియోలైటిస్ (ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాల వాపు) అనో రాసి ఆక్సిజన్ పెడతారు, యాంటీబయాటిక్ మొదలుపెడతారు. బిడ్డ తేరుకుంటే ఇంటికి పంపేస్తారు. ఆ నిమ్ము దేనివల్ల వచ్చిందో తల్లికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు, మీ శాఖ లెక్కల్లోకీ రాదు. ఇందులో డాక్టర్ల తప్పేమీ లేదు. స్టెతస్కోపుతో విన్నా, ఎక్స్‌రే తీసినా అది వైరస్సో బ్యాక్టీరియానో ఖాయంగా చెప్పలేరు. ఊపిరాడని బిడ్డను ఎదురుగా పెట్టుకుని, చేతిలో రిపోర్టు లేనప్పుడు ఎవరైనా యాంటీబయాటిక్ ఇంజెక్షనే రాస్తారు.

పసిపిల్లల ఊపిరితిత్తులకు సోకి ఇలాంటి నిమ్ము తెచ్చే ఆర్‌ఎస్‌వి అనే వైరస్‌ను 1956లోనే గుర్తించారు. 2019లో ప్రపంచమంతా కలిపి దాదాపు 36 లక్షల మంది ఐదేళ్లలోపు పిల్లలు దీనివల్ల ఆసుపత్రుల్లో చేరారనీ, లక్ష మందికి పైగా చనిపోయారనీ అంచనా. ఆ చావుల్లో నూటికి 97కు పైగా మన లాంటి పేద, మధ్యాదాయ దేశాల్లోనే. ఆరు నెలలు నిండని పిల్లలకు దీనితో ముప్పు మరీ ఎక్కువ. ఇదొక్కటే కాదు, ఇన్‌ఫ్లుయెంజా (ఫ్లూ) ఉంది, పారాఇన్‌ఫ్లుయెంజా, అడినో ఉన్నాయి, 2001లో బయటపడ్డ మెటాన్యుమో వైరస్ ఉంది.

పేరు తెలిస్తే ఏమొస్తుందని అడగవచ్చు. ఇన్‌ఫ్లుయెంజా అని తేలితే ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు త్వరగా మొదలుపెట్టవచ్చు. ఆర్‌ఎస్‌వి అయితే ముక్కు శుభ్రం చేయడం, ఆక్సిజన్, పాలు పట్టడమే వైద్యం. బ్యాక్టీరియా లక్షణాలు లేకపోతే యాంటీబయాటిక్ ఆపే ధైర్యం డాక్టరుకు వస్తుంది. ఇంకా ముఖ్యమైనది పడకల సంగతి. రద్దీ రోజుల్లో ఒకే మంచం మీద ఇద్దరు పసివాళ్లను పడుకోబెట్టడం మా కళ్లముందు జరిగేదే. ఆర్‌ఎస్‌వి మంచం కడ్డీల మీద గంటల తరబడి బతికి ఉంటుంది. వేరే జబ్బుతో చేరిన బిడ్డ దాన్ని అంటించుకుని ఇంటికి వెళుతుంది.

పరీక్షకు హద్దులున్న మాట నిజమే. జలుబు తెచ్చే రైనో వైరస్ ఆరోగ్యంగా ఉన్న పిల్లల ముక్కుల్లోనూ దొరుకుతుంది, కాబట్టి పాజిటివ్ అన్నంత మాత్రాన అదే కారణమని తేల్చలేం. ఆర్‌ఎస్‌వి అలా కాదు, జబ్బు లేని పిల్లల్లో అరుదు. అది కనబడితే గట్టిగానే నమ్మవచ్చు.

ఇందుకు కొత్త భవనాలు అక్కర్లేదు. కోవిడ్‌లో బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో స్వాబ్‌లో వైరస్‌ను పట్టే ఆర్‌టీపీసీఆర్ పరీక్షలు చేశారు. టీబీ పరీక్షకు వాడుతున్న సీబీనాట్ మిషన్లలో పెట్టే ఫ్లూ, ఆర్‌ఎస్‌వి కాట్రిడ్జ్‌లు (ఒక్కో పరీక్షకు ఒక్కటి వాడే చిన్న డబ్బాలు) కూడా తయారవుతున్నాయి. ముక్కులోంచి తీసిన స్వాబ్‌ను వైరస్ పాడవకుండా ఉంచే ద్రవం ఉన్న వీటీఎం ట్యూబులో వేసి, ఐస్ ప్యాక్‌ల పెట్టెలో పంపడం మా టెక్నీషియన్లకు చేతనైన పని. కావలసిందల్లా కాట్రిడ్జ్‌లకు డబ్బు, ఒక ఉత్తర్వు.

సరిహద్దు మాట కూడా వినండి. పరిస్థితి చేయి దాటితే మావాళ్లు బిడ్డను ఆంధ్రాలోని శ్రీకాకుళానికో, విశాఖ కేజీహెచ్‌ ఆసుపత్రికో తీసుకుపోతారు. అక్కడ ఏం తేలిందో మా జిల్లాకు తిరిగి రాదు. ఒడిశా బిడ్డ ఆంధ్రా రిజిస్టరులో ఉండిపోతుంది. దయచేసి అక్కడి ఆరోగ్య శాఖతో మాట్లాడి, పిల్లల పేర్లు లేకుండా ఫలితాలు మాత్రం నెలనెలా ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు చేయండి.

2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆర్‌ఎస్‌వి నుంచి పసివాళ్లను కాపాడటానికి గర్భిణులకు టీకా గానీ, పుట్టిన బిడ్డకు వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీ ఇంజెక్షన్ గానీ ఇవ్వాలని సూచించింది. రేపు అవి ప్రభుత్వ ఆసుపత్రులకు వస్తే ఏ నెలల్లో ఇవ్వాలి? ఢిల్లీలో ఈ వైరస్ చలికాలంలో ముదురుతుందన్న లెక్క మా కొండల వానలకు సరిపోతుందని అనుకోలేం. మా స్వాబ్‌లే చెప్పాలి.

వచ్చే వానాకాలానికి ముందే రాయగడ, గజపతి, కోరాపుట్, గంజాం జిల్లాల్లో ఆయాసంతో చేరే ఏడాదిలోపు పిల్లలందరికీ ఈ పరీక్ష ఉచితంగా మొదలుపెట్టించండి. రిపోర్టు బిడ్డ డిశ్చార్జ్ అయ్యాక కాకుండా, మర్నాటికల్లా వార్డు డాక్టరు చేతికి అందాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
గుణుపూర్